చెకుముకి తుపాకి, ఐదు డాలర్ల టికెట్

మా వీధి చివరింటి పెద్దాయన మెషినిస్టుగా పనిచేసి రిటైరయ్యాడు. రెండు చలికాలాల పాటు గరాజ్‌లో చిన్న హీటర్ పెట్టుకుని ఒక తుపాకి చేశాడు. అమ్ముకోడానికి కాదు, తను ఉంచుకోడానికీ కాదు. వాళ్ళ లాడ్జ్‌లో పిల్లల చదువుల నిధికోసం లాటరీ పెడతారట, దానికి బహుమతిగా ఇవ్వడానికి. తుపాకిని బహుమతిగా పెట్టి స్కాలర్‌షిప్పులకి డబ్బు పోగుచెయ్యడం నాకు మొదట మింగుడు పడలేదు. పెన్సిల్వేనియాలో, అందులోనూ మా లాంకస్టర్ కౌంటీలో, అదేం వింత కాదు. చర్చి వాళ్ళు ఫలహారాల అంగడి పెట్టినంత మామూలుగా పెడతారు.

లాడ్జ్ అంటే ఫ్రీమేసన్ల లాడ్జ్. హైదరాబాదు వాళ్ళకి గోషామహల్ బారాదరి తెలిసే ఉంటుంది. తానీషా నాటి కట్టడం, తర్వాత మేసన్ల చేతికొచ్చింది. చిన్నప్పుడు ఆ గోడ పక్కనుంచి వెళ్తూ, లోపల ఏవో మంత్రాలు చదువుతారని చెప్పుకునేవాళ్ళం. ఇక్కడ ఆ లాడ్జ్ సభ్యులు శనివారం పొద్దున పాన్‌కేకులు వేసి వడ్డిస్తుంటారు. రహస్యం మీద నాకున్న భయభక్తులు ఆ పాన్‌కేకులతోనే పోయాయి.

పెద్దాయన చేసింది లాంగ్ రైఫిల్. లోకానికి ‘కెంటకీ రైఫిల్’గా తెలిసిన తుపాకి ఇదే, కానీ పుట్టిల్లు మాత్రం కెంటకీ కాదు, ఈ పెన్సిల్వేనియానే. 1815 న్యూ ఆర్లియన్స్ యుద్ధం తర్వాత కెంటకీ వేటగాళ్ళని పొగుడుతూ ఒక పాట ఊరూరా పాకింది, దాంతో పేరు అటు పోయింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఇక్కడికి వలసొచ్చిన జర్మన్ కమ్మరులు తమ దేశపు పొట్టి, లావుపాటి వేట తుపాకిని వెంట తెచ్చుకున్నారు. ఇక్కడి అడవికి తగ్గట్టు దాన్ని సాగదీశారు. గొట్టం నలభై, నలభై అయిదు అంగుళాల దాకా పెరిగింది. లోపల మెలితిరిగిన గాడులు. నూనె రాసిన గుడ్డపేలికలో చుట్టి సీసపు గుండుని దిగ్గొడితే, పేలిక ఆ గాడుల్ని పట్టుకుని గుండుని బొంగరంలా తిప్పుతూ బయటికి పంపిస్తుంది. అందుకే గురి. సిపాయిల మస్కెట్ వంద గజాలకే తడబడితే, ఇది రెండొందల గజాల దూరంలో మనిషిని కొడుతుంది. కాకపోతే నింపడం ఆలస్యం, బాయొనెట్ తగిలించడానికి వీలుండదు. 1775 జూన్ 14న కాంటినెంటల్ కాంగ్రెస్ పది రైఫిల్ దళాల్ని పిలిచినప్పుడు, అందులో ఆరు పెన్సిల్వేనియా నుంచే.

పేల్చే తంత్రం మనకి కొత్తదేం కాదు. చెకుముకి రాయిని ఉక్కుకేసి కొడితే రవ్వ పుడుతుంది. ఆ రవ్వ చిన్న పళ్ళెంలోని మెత్తటి మందు మీద పడాలి, ఆ మంట పక్కనున్న సన్న బెజ్జంలోంచి గొట్టంలోకి దూరాలి. దీనికి ముందుతరం తుపాకిలో రాయి లేదు, వెలుగుతున్న వత్తి ఉండేది. మన పాత మాటల్లో దాని పేరు జామగి. 1757లో బొబ్బిలి కోట తగలబడే నాటికి, ఇక్కడ లాంకస్టర్‌లో రైఫిళ్ళ పని జోరుమీద ఉంది. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు. ఆ ఏడు ఎక్కడ చదివినా నాకు బొబ్బిలే గుర్తొస్తుంది, అంతే.

“అంతా మీ చేత్తోనే చేశారా?” అనడిగాను ఓసారి. నవ్వాడు. గొట్టం కొన్నదే, లాక్ కూడా పోతపోసిన భాగాలు కొని బిగించిందే. నా మొహం కొంచెం వాడినట్టుంది, “పాతవాళ్ళూ అంతే” అన్నాడు. నిజమే, తర్వాత చదివాను. లాంకస్టర్ కమ్మరులు చాలామంది లాకులు ఇంగ్లండునుంచో జర్మనీనుంచో దిగుమతైనవి కొనేవాళ్ళు. గొట్టాలకి నీటిచక్రాలతో నడిచే బెజ్జం మిల్లులుండేవి. ఒక్కడే మనిషి కొలిమి ఊది, మొదలునుంచి చివరిదాకా చేశాడన్నది మనం తర్వాత అల్లుకున్న బొమ్మ. పూర్తిగా అలా చెయ్యడం అసాధ్యమని కాదు. 1960లలో విలియమ్స్‌బర్గ్‌లో వాలస్ గస్లర్ అనే కమ్మరి ఇనుప పట్టీని వంచి అతికి గొట్టం చెయ్యడం దగ్గర్నుంచి మొత్తం తుపాకిని పాత పద్ధతిలో చేసి చూపించాడు, దాన్ని సినిమాగా కూడా తీశారు. కానీ అది తిరిగి నేర్చుకున్న విద్య.

పెద్దాయన సొంత పనంతా చెక్కలో ఉంది. కర్లీ మేపుల్ అంటారు, పులిచారల్లాంటి గీతలుండే గట్టి కలప. కొండపల్లి బొమ్మల తెల్లపొణికిలా ఉలికి లొంగేది కాదు. చార దగ్గర పోగు ఎదురు తిరుగుతుంది, ఉలి ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ దిగితే పెళ్ళ లేచొస్తుంది. చెంప ఆనేచోట ఉబ్బెత్తుగా తీగ మెలికలు చెక్కడానికే ఆయనకి ఒక చలికాలం పట్టింది. ఓ రోజు వెళ్తే ఊరికే కూచుని ఉన్నాడు. ఏమైందంటే, “ఇవాళ చెయ్యి బాలేదు” అన్నాడు, అంతే.

రంగు వేసే రోజు మాత్రం రమ్మని కబురు చేశాడు. ఇనుప రజను కరగేసిన నత్రికామ్లాన్ని చెక్కకి పూశాడు. చెక్క పాచిపట్టినట్టు ఆకుపచ్చగా, చూడలేనంత వికారంగా అయిపోయింది. రెండు చలికాలాల పని పాడైందనుకున్నాను. ఎర్రగా కాగిన కడ్డీ ఒకటి తీసుకుని చెక్కకి ఇంచు దూరంలో మెల్లగా జరపడం మొదలెట్టాడు. కడ్డీ వెళ్ళిన మేరా పచ్చదనం పోయి, బెల్లప్పాకం రంగు వచ్చింది. చారలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఆ తర్వాత అవిసెనూనె, మళ్ళీ నూనె, రోజుల తరబడి అరచేత్తో.

మడమ పక్కన ఇత్తడి మూత ఉన్న చిన్న అర, పేలికలు దాచుకోడానికి. అలంకారమంతా దాని చుట్టూనే. పాత కమ్మరులు అక్కడ పువ్వులు, నక్షత్రాలు, నెలవంకలు చెక్కేవాళ్ళు. ఈయన లాడ్జ్ గుర్తు, అంటే మూలమట్టమూ కంపాసూ, చెక్కాడు. వీటిలో నాకు ఎక్కువ నచ్చినవి మొరావియన్ల తుపాకులు. నాజరెత్ దగ్గర క్రిస్టియన్స్ స్ప్రింగ్ అనే పల్లెలో ఆ మతసమాజం వాళ్ళ కార్ఖానా ఉండేది. క్రిస్టియన్ ఎర్టర్ అక్కడి పనివాడు, ముప్ఫయ్యో ఏట 1777లో పోయాడు. అతను 1775లో చేసిన ఒక రైఫిల్ 1971లో వాలీ ఫోర్జ్ ప్రదర్శనశాలనుంచి దొంగతనానికి గురై, దాదాపు యాభై ఏళ్ళకి దొరికింది. ఫిలడెల్ఫియాలో అమెరికన్ రివల్యూషన్ మ్యూజియం వాళ్ళు దాన్ని ప్రదర్శనకి పెట్టారు. యుద్ధం వద్దనుకున్న సమాజం అంత అందమైన ఆయుధాలు చేసింది. తుపాకి మరమ్మతుకి ఆదివాసులు కూడా వాళ్ళ దగ్గరికొచ్చేవాళ్ళు. డెలవేర్, షానీ తెగలవాళ్ళకి 1750ల నాటికే రైఫిల్ బాగా అలవాటు.

ఆ మాట రాగానే నేను కోనెస్టోగా సంగతి ఎత్తాను. 1763 డిసెంబరు 14న పాక్స్‌టన్ కుర్రాళ్ళని పేరుపడ్డ గుంపొకటి మా ఇంటికి అట్టే దూరంలేని కోనెస్టోగా పల్లెమీద పడి ఆరుగురు ఆదివాసుల్ని చంపింది. మిగిలిన పద్నాలుగుమందిని రక్షణకోసమని లాంకస్టర్ వర్క్‌హౌస్‌లో పెడితే, 27న పట్టపగలు అక్కడికీ వచ్చి పిల్లలతో సహా చంపేశారు. ఇప్పుడు అక్కడ ఫుల్టన్ థియేటర్ ఉంది. మేమూ అందులో నాటకాలు చూశాం. తుపాకి పనికి పేరుమోసిన ఊళ్ళోనే ఇదంతా జరిగింది.

పెద్దాయన చాలాసేపు ఆకురాయి తుడుచుకుంటూ ఉండిపోయాడు. “మా వైపు ముత్తాతలు పాక్స్‌టన్‌లోనే ఉండేవాళ్ళు” అన్నాడు. నేనేమీ అనలేదు. ఆ మాట ఆయన అంతకుముందు ఎవరితోనైనా అన్నాడో లేదో.

టికెట్ ఐదు డాలర్లు. మా ఆవిడ తుపాకి గడప తొక్కడానికి వీల్లేదంది. మా అమ్మాయి బళ్ళో నెలకోసారి దీపాలార్పి బల్లల కింద దాక్కోవడం ప్రాక్టీసు చేయిస్తారు, ఆవిడతో ఏమని వాదించను? 1968 ఫెడరల్ చట్టం లెక్కన చెకుముకి తుపాకి నిన్న చేసిందైనా పురాతన వస్తువే, మామూలు తుపాకి కిందికి రాదు అని చెప్పబోయాను. ఆవిడ చూసిన చూపుకి ఆపేశాను. అయినా నాలుగు టికెట్లు కొన్నాను. కొని, తగలకూడదని మొక్కుకున్నాను. నా జీవితంలో ఇలాంటి మొక్కు ఇదొక్కటే.

తగలలేదు. పై కౌంటీలో పాడిపశువులున్న ఒకావిడకి వచ్చింది. బొటనవేలు ఆనేచోట పెద్దాయన పేరు చెక్కకుండా వదిలిన వెండిరేకుమీద వాళ్ళ నాన్న పొడి అక్షరాలు వెయ్యమందట. గోడకి తగిలించుకుంటుందేమోనని ఈయనకి బెంగగా ఉండేది. 1974 నుంచీ ఈ రాష్ట్రంలో క్రిస్మస్ వెళ్ళాక చెకుముకి తుపాకులవాళ్ళకే విడిగా జింకల వేట కాలం ఉంది. జనవరిలో ఆవిడ తుపాకి తీసుకొచ్చింది. కూరుడు కడ్డీ మంచులో విరిగిందట. మొన్న నేను వెళ్ళేసరికి పెద్దాయన హికరీ కర్రని చీల్చి కొత్తది నున్న చేస్తున్నాడు. ఇత్తడి మూతమీద అప్పుడే ఒక గీత పడింది. దాన్ని రుద్ది తియ్యనా అనడిగితే ఆవిడ వద్దందని చెప్పాడు.