వైకల్యానంతర ఆర్థిక సహాయం

ప్రమాదం వల్లో, జబ్బు వల్లో వైకల్యం పాలైన వ్యక్తికి చట్టరీత్యా లభించే పరిహారం, పింఛను, ఉద్యోగ రక్షణలను వైకల్యానంతర ఆర్థిక సహాయం అంటారు. భారతదేశంలో దీనికి 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం పునాది వేసింది, 1948లో ఉద్యోగుల రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) చట్టం తోడైంది. ఈ సహాయం చాలావరకు వైకల్య తీవ్రతను బట్టి కాక, అది ఎక్కడ, ఎలా సంభవించిందన్న దాన్ని బట్టి మారుతుంది. ఇ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికుడు పనిలో గాయపడి శాశ్వతంగా, పూర్తిగా అశక్తుడైతే వేతనంలో 90 శాతం జీవితాంతం అందుతుంది. ప్రభుత్వోద్యోగిని వైకల్యం వచ్చిందన్న కారణంతో తొలగించరాదని, పాత పని చేయలేకపోతే అదే వేతన స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. పక్షవాతం వచ్చిన కౌలురైతుకు ఇవేవీ వర్తించవు. అతనికి సామాజిక పింఛనే దిక్కు. అందుకు తెలుగు రాష్ట్రాల్లో సాధారణంగా కనీసం 40 శాతం వైకల్యాన్ని ధ్రువీకరించే ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలి. తెలంగాణ 2023లో ఈ పింఛనును నెలకు 4,016 రూపాయలు చేసింది.

ఇ.ఎస్.ఐ. లాంటి పథకాలకు చందా కట్టినవారికి ఎక్కువ రావడం న్యాయమేనన్న వాదన ఉంది. బీమా వరకు అది సబబే. అయితే ఏడాదికి 20 రూపాయల ప్రీమియం ఉన్న ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చందా కట్టినా, ప్రమాదం వల్ల వచ్చిన వైకల్యానికే 2 లక్షల వరకు చెల్లిస్తారు, జబ్బుకు చెల్లించరు. కాబట్టి ఈ తేడాకు చందా ఒక్కటే కారణం కాదు. తీవ్రతను కొలమానం చేసుకోవడం అసాధ్యమూ కాదు: ఆంధ్రప్రదేశ్ 2024లో సాధారణ వికలాంగ పింఛనును 6,000 రూపాయలకు, పక్షవాతంతో గానీ ప్రమాదంతో గానీ మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారి పింఛనును 15,000కు పెంచింది.