క్యాసెట్‌లో వచ్చిన ఆటలు, వాటిని చేసిన కంపెనీలు

మొన్న మా తెలుగు సంఘం ఉగాది భోజనాల దగ్గర ఒక మిత్రుడితో మాట కలిసింది. ఆయన విజయవాడలో చదువుకుని 1998లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చారు. నేను 1982లో, పదేళ్ళ వయసులో, ఆసుపత్రి ఉద్యోగానికి వచ్చిన నాన్నగారి వెంట లెస్టర్ చేరినవాణ్ణి. పక్క బల్ల దగ్గర పిల్లలందరూ ఫోన్లలో తలలు దూర్చి కూర్చుంటే, మా మాటలు కూడా కంప్యూటర్ ఆటల మీదికి మళ్ళాయి. ఆయన స్కూలుకి క్లాస్ ప్రాజెక్టు కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయట. 1984-85లో భారత ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం అది. యంత్రాలు ఇంగ్లండులోని ఏకార్న్ కంపెనీవి. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వెళ్ళాలి, వారానికి ఒక్క పీరియడ్, ముగ్గురికి ఒక యంత్రం.

"మీకు ఇంట్లోనే ఉండేది కదండీ, దానితో ఏం చేసేవారు?" అని అడిగారు.

"ఆడుకునేవాణ్ణండీ, ఇంకేం చేస్తాను!" అన్నాను.

"అయితే ఆ ఆటలు ఎవరు తయారు చేసేవారు? ఆ కంపెనీలన్నీ ఏమయ్యాయి?" అన్నారు. దానికి సరైన జవాబు చెప్పేలోపే పెరుగన్నం కూడా అయిపోయింది. అందుకని తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు యంత్రం గురించి నాలుగు మాటలు. క్లైవ్ సింక్లెయిర్ గారి జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 1982 ఏప్రిల్ 23న విడుదలైంది. 16కె మెమరీ ఉన్నది 125 పౌన్లు, 48కె ఉన్నది 175 పౌన్లు. మీటలు రబ్బరువి, నొక్కితే మెత్తగా లోపలికి దిగేవి. తెరగా ఇంట్లో టీవీయే. ఇప్పుడు ఫోన్‌తో తీసే ఒక్క ఫోటో దాచుకోవాలంటే అలాంటి యంత్రాలు అరవై, డెబ్భై కావాలి. ఆ 48కె లోనే దాదాపు 7కె తెర మీది బొమ్మకే పోయేది. తెరను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గళ్ళుగా విడగొడితే, ఒక్కో గడిలో రెండే రంగులు ఉండాలి. పచ్చ చెట్టు పక్కకి ఎర్ర మనిషి వచ్చాడంటే చెట్టైనా ఎర్రబడాలి, మనిషైనా పచ్చబడాలి. డిస్కులు లేవు. ఆట పాటల క్యాసెట్ లాంటి క్యాసెట్‌లోనే వచ్చేది. టేప్ రికార్డర్‌ని వైరుతో కలిపి, జె మీట నొక్కితే లోడ్ అనే మాట మొత్తం తెర మీద పడేది. తర్వాత అయిదు నిమిషాలు కీచుమనే ఈల, తెర అంచుల్లో రంగురంగుల చారలు. వాల్యూమ్ కాస్త ఎక్కువైనా, తక్కువైనా చివరి క్షణంలో టేప్ లోడింగ్ ఎర్రర్ అని వచ్చి, మళ్ళీ మొదటికి!

ఇదే యంత్రాన్ని మన దేశంలో 1988లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వారు డీబీ స్పెక్ట్రమ్ అనే పేరుతో అమ్మారు. అప్పటికి ఇక్కడి పిల్లలు పెద్ద యంత్రాల వైపు చూస్తున్నారు.

ఇంత చిన్న యంత్రం కావడమే ఆ కంపెనీలు పుట్టడానికి కారణం. ఆట మొత్తం ఒక్క మనిషి బుర్రలో పట్టేది. ఒక్కరు, మహా అయితే ఇద్దరు, పడకగదిలో కూర్చుని కొన్ని వారాల్లో రాసేయగలిగేవారు. పత్రికలో ఒక ప్రకటన, క్యాసెట్లు నకలు తీసే ఒక కార్ఖానా, అంతే, కంపెనీ తయారు. మాథ్యూ స్మిత్ అనే కుర్రాడు 1983లో మానిక్ మైనర్ రాసినప్పుడు అతనికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. దాన్ని లివర్‌పూల్ లోని బగ్-బైట్ విడుదల చేసింది. మరుసటి సంవత్సరం అతనే రాసిన జెట్ సెట్ విల్లీలో ఒక తప్పు దొర్లింది. అటక గదిలోకి వెళ్ళివస్తే ఆ తర్వాత వేరే గదులు పాడైపోయి, ఆట పూర్తి చేయడం కుదిరేది కాదు. కంపెనీ వారు మొదట అది తప్పు కాదు, కావాలనే పెట్టామన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న పాఠకులకి ఈ మాట ఎక్కడో విన్నట్టుంటుంది!

అదే లివర్‌పూల్‌లో ఇమాజిన్ అని ఇంకో కంపెనీ ఉండేది. 1982లో మార్క్ బట్లర్, డేవిడ్ లాసన్ మొదలుపెట్టారు. ఆర్కేడియా అనే ఆట బాగా అమ్ముడుపోయింది. ఇక చూడండి, పత్రికల నిండా నిలువెత్తు ప్రకటనలు, ఇరవై దాటని ప్రోగ్రామర్లు, ఖరీదైన కార్లలో తిరుగుతారని వార్తలు. 1983 క్రిస్మస్‌కి పోటీవాళ్ళ ఆటలు అంగళ్ళకి రాకుండా చేయాలని క్యాసెట్లు నకలు తీసే కార్ఖానాని తామే ముందుగా మాట్లాడేసుకున్నారని, ఆ క్యాసెట్లన్నీ గోదాముల్లో మిగిలిపోయాయని చెబుతారు. తర్వాత మెగాగేమ్స్ అన్నారు. బాండర్‌స్నాచ్, సైక్లాప్స్ అని రెండు ఆటలు. యంత్రం వెనుక అదనంగా ఒక పెట్టె తగిలించాలి, ఖరీదు 40 పౌన్ల దాకా. ప్రకటనలు వచ్చాయి కానీ ఆటలు రాలేదు. బీబీసీ వాళ్ళు ఒక విజయగాథ తీద్దామని కెమెరాలతో వాళ్ళ ఆఫీసులో తిరుగుతుంటే, అప్పుల వాళ్ళు వచ్చి సామాను జప్తు చేయడం కూడా ఆ సినిమాలోకి ఎక్కింది. 1984 జులైలో కంపెనీ మూతపడింది. నాకు పన్నెండేళ్ళు. డిసెంబరులో ఆ కార్యక్రమం టీవీలో వస్తుంటే నాన్నగారు కూడా పక్కనే కూర్చుని చూసి, "జీతాలిచ్చారో లేదో పాపం" అన్నారు. నేను మాత్రం ఆ ఆటలు ఇక రావని ఏడుపు మొహం పెట్టాను.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఆ శిథిలాల లోంచే సిగ్నోసిస్ పుట్టింది. 1991లో లెమ్మింగ్స్ ఆటని ప్రచురించింది వాళ్ళే. 1993లో సోనీ కొనుక్కుంది, 2012లో ఆ లివర్‌పూల్ స్టూడియోని మూసేసింది. ఇమాజిన్ అనే పేరుని మాత్రం మాంచెస్టర్‌లోని ఓషన్ కొనుక్కుంది.

ఓషన్ మీద నాకు అప్పట్లో కొంచెం చిన్నచూపు. ఏ సినిమా ఆడితే ఆ సినిమా పేరు కొనుక్కొచ్చి ఆట చేసేవారు. 1988లో రోబోకాప్ కూడా అలా వచ్చిందే. డేలీ థాంప్సన్ డెకాథ్లాన్ ఆడి ఎంతమంది రబ్బరు మీటలు విరగ్గొట్టుకున్నారో లెక్కలేదు, రెండు మీటలని ఒకదాని తర్వాత ఒకటి దబదబా బాదడమే ఆట. కానీ ఇప్పుడు న్యాయంగా చూస్తే, 1987లో జాన్ రిట్‌మన్, బెర్నీ డ్రమ్మండ్ చేసిన హెడ్ ఓవర్ హీల్స్ లాంటి ఆణిముత్యాన్ని విడుదల చేసింది కూడా వాళ్ళే. 1996లో ఫ్రెంచి కంపెనీ ఇన్ఫోగ్రామ్స్‌లో కలిసిపోయింది.

మా విజయవాడ మిత్రుడి స్కూల్లో ఉన్న బీబీసీ మైక్రో మీదే ఇంకో అద్భుతం జరిగింది. 1984 సెప్టెంబరులో ఏకార్న్‌సాఫ్ట్ విడుదల చేసిన ఎలీట్. కేంబ్రిడ్జ్ విద్యార్థులు డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ చేసినది. ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు. వాటి పేర్లు, ధరలు దేన్నీ మెమరీలో దాచలేదు. ఒక చిన్న సంఖ్యల వరుస నుంచి అవసరమైనప్పుడు లెక్కకట్టి పుట్టించారు. స్కూలు వాళ్ళకి తెలిస్తే ఆ గదికి ఇంకో తాళం వేసేవారేమో.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది అల్టిమేట్ ప్లే ద గేమ్. అసలు పేరు యాష్‌బీ కంప్యూటర్స్ అండ్ గ్రాఫిక్స్. లెస్టర్ నుంచి ఇరవై మైళ్ళ లోపే ఉన్న యాష్‌బీ-డి-లా-జూష్ అనే చిన్న ఊళ్ళో టిమ్, క్రిస్ స్టాంపర్ అనే అన్నదమ్ములు 1982లో మొదలుపెట్టారు. అంతకు ముందు వాళ్ళు ఆర్కేడ్ యంత్రాల మీద పనిచేసినవాళ్ళు కనుక చేయి తిరిగి ఉంది. 1983లో జెట్‌ప్యాక్ వచ్చింది. 16కె యంత్రంలో పట్టే ఆట, ధర 5.50 పౌన్లు. ఇప్పుడు ఆడినా ఎక్కడా తడబడదు. ఇంటర్వ్యూలు దాదాపు ఇచ్చేవారు కాదు, ప్రకటనల్లో మొహాలు ఉండేవి కావు. క్యాసెట్ అట్ట మీద ద గ్రీన్, యాష్‌బీ అని చిరునామా మాత్రం ఉండేది. ఒక ఆదివారం నాన్నగారిని బతిమాలి ఆ వీధికి తీసుకెళ్ళమన్నాను. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి, ఏది వాళ్ళదో కూడా తెలియలేదు. కార్లో కాసేపు కూర్చుని, అమ్మ కట్టిచ్చిన పులిహోర తిని తిరిగొచ్చాం.

వాళ్ళ తెలివికి ఒక ఉదాహరణ చెబుతాను. 1984 చివర్లో నైట్ లోర్ వచ్చింది. గదిని ఒక మూల పైనుంచి చూస్తున్నట్టు, బల్లలూ రాళ్ళూ ఎత్తూ లోతుతో కనబడేవి. అలాంటిది అంతకు ముందు స్పెక్ట్రమ్ మీద చూడలేదు. రంగుల చిక్కు నుంచి తప్పించుకోవడానికి గది మొత్తాన్నీ ఒకే రంగులో గీశారు. ఎక్కువ వస్తువులు కదిలితే ఆట నెమ్మదించేది, అదీ అందంగానే ఉండేది. అసలు విశేషం ఏమిటంటే, అది సేబర్ వుల్ఫ్ అనే ఆట కంటే ముందే పూర్తయిందట. ముందే వదిలితే జనం ఇక సేబర్ వుల్ఫ్ కొనరని ఆపి ఉంచామని టిమ్ స్టాంపర్ గారే తర్వాత చెప్పారు. లేని ఆటకి ప్రకటనలు వేసిన ఇమాజిన్ ఒక పక్క, చేతిలో ఉన్న ఆటని దాచిపెట్టిన వీళ్ళు ఇంకో పక్క, ఇద్దరిదీ ఒకటే సంవత్సరం!

సేబర్ వుల్ఫ్ ధరని వాళ్ళు ఒక్కసారిగా 9.95 పౌన్లకి పెంచారు. అంత డబ్బు పోసి కొన్నవాడు స్నేహితులకి ఊరికే కాపీ ఇవ్వడని వాళ్ళ ఆలోచన. నా విషయంలో అది పారలేదు. అప్పటి లెక్కన దాదాపు 150 రూపాయలు, ఇంట్లో అడిగే ధైర్యం లేదు. క్లాసులో ఒకడు కొన్నాడు. వాళ్ళింట్లో రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డర్ ఉంది, ఖాళీ క్యాసెట్ తెచ్చుకుంటే చాలన్నాడు. మా సొరుగులో ఏ పేరూ రాయని క్యాసెట్ ఒకటి దొరికితే పట్టుకెళ్ళాను.

అది తెనాలి నుంచి అమ్మమ్మ పంపిన మాటల క్యాసెట్. ఆ రోజుల్లో ఫోన్ కాల్ ఖరీదు కనుక మనవాళ్ళు ఉత్తరానికి బదులు క్యాసెట్ నింపి పంపుకునేవారు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజులు మాట్లాడలేదు, అంతే. అమ్మమ్మ 1986లో పోయింది.

స్టాంపర్ సోదరులు 1985లో అల్టిమేట్ పేరుని యూఎస్ గోల్డ్ అనే కంపెనీకి అమ్మేసి, రేర్ అనే కొత్త పేరుతో జపాన్ వైపు తిరిగారు. నింటెండో యంత్రాన్ని విప్పి, దాని గుట్టు తామే తెలుసుకున్నారు. అందులో ఆటలు కార్ట్రిడ్జ్‌లో వస్తాయి, నాలాంటి వాడు టేప్ రికార్డర్‌తో కాపీ చేయలేడు. డాంకీ కాంగ్ కంట్రీ 1994లో, గోల్డెన్ ఐ 1997లో వచ్చాయి. 2002లో మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లకి రేర్‌ని కొంది. 2007లో అన్నదమ్ములిద్దరూ బయటికొచ్చేశారు. ఇన్ని చేతులు మారినా కంపెనీ లెస్టర్‌షైర్ దాటి పోలేదు, యాష్‌బీ దగ్గర్లోని ట్వైక్రాస్‌లో ఉంది.

మిగతా వాటిలో కోడ్‌మాస్టర్స్ చాలాకాలం నిలబడింది. 1986లో డార్లింగ్ సోదరులు పెట్టి, 1.99 పౌన్లకే ఆటలు అమ్మారు. 2021లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనుక్కుంది. ఆ రోజుల యంత్రాలని పిల్లలకి చూపించాలనుకునే వారు కేంబ్రిడ్జ్‌లోని సెంటర్ ఫర్ కంప్యూటింగ్ హిస్టరీకి వెళ్ళవచ్చు. అక్కడ అద్దాల వెనుక నుంచి చూడడమే కాదు, కూర్చుని ఆడనిస్తారు. పాత క్యాసెట్లు ఇంట్లో ఉన్నవారు ఆలస్యం చేయకుండా కంప్యూటర్లోకి ఎక్కించుకోండి, టేపు మీద పూత ఏటేటా రాలిపోతుంది.

2015లో రేర్ వాళ్ళు తమ పాత ఆటలు ముప్ఫై కలిపి ఎక్స్‌బాక్స్ మీద విడుదల చేశారు. సేబర్ వుల్ఫ్ అందులో ఉంది, ఈసారి డబ్బిచ్చి కొన్నాను. ఆ వారమే అటక మీద నుంచి క్యాసెట్ల పెట్టె దింపి అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆట 48కె కనుక అయిదు నిమిషాలే ఆక్రమించింది. ఈల ఆగగానే మాట మధ్యలో అమ్మమ్మ గొంతు అందుకుంటుంది: "...కిలో పన్నెండు రూపాయలంట, ఎక్కడ కొంటామే!" అక్కడి నుంచి ఆ వైపంతా ఆవిడ మాటలే. దేని ధర పన్నెండు రూపాయలో ఆ అయిదు నిమిషాల్లో పోయింది. అమ్మ ఎండు మిరపకాయలంటుంది, నేను చింతపండంటాను.