జీవశాస్త్రం ఏ భాషలో బతికింది?

హైదరాబాదు చరిత్ర రాసేవారు చార్మినారు గురించీ నవాబుల గురించీ పేజీలు నింపుతారు. ఈ నగరంలో కళాశాల విద్యార్థి చేతికి జీవశాస్త్ర పాఠ్యపుస్తకం ఎట్లా వచ్చిందీ, ఏ భాషలో వచ్చిందీ అన్నది మాత్రం వారికి చరిత్రగా తోచదు. పాతనగరంలో తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈ ప్రశ్న తప్పించుకోరానిది. నా విద్యార్థుల్లో ఒకడు ‘కణం’ అంటాడు, పక్కవాడు ‘ఖలియా’ అంటాడు, పరీక్షలో ఇద్దరూ ‘సెల్’ అని రాస్తారు.

1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు ఈ నగరంలోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి రాసిన ‘జీవశాస్త్రము’ ఆ మండలి గ్రంథమాలలోదే. ఇంగ్లీషు రాని తెలుగువాడికి శాస్త్రం అందించాలన్నది వారి సంకల్పం. కాని ఆ భాషలో శాస్త్రపాఠం చెప్పే విశ్వవిద్యాలయం అప్పుడెక్కడుంది? మండలి మద్రాసుకు తరలిపోయింది.

విశ్వవిద్యాలయం వచ్చింది గాని, వేరే భాషలో వచ్చింది. 1917లో నిజాం ప్రభుత్వం మౌల్వీ అబ్దుల్ హక్ నాయకత్వాన ‘దారుల్ తర్జుమా’ అనే అనువాదశాఖను నెలకొల్పింది. 1918లో ఉస్మానియా స్థాపన జరిగింది, మరుసటి యేడు తరగతులు మొదలయ్యాయి. ముందు పుస్తకం, తర్వాత తరగతి! ఇంతటి ముందుచూపు మన ప్రభుత్వాలకు మళ్ళీ ఎన్నడైనా కలిగిందా? ఆ శాఖలో జోష్ మలీహాబాదీ వంటి కవి కూడా పనిచేశాడు. పదాలు ఎట్లా పుట్టించాలన్నదానిపై అక్కడ పెద్ద చర్చే నడిచింది. అన్నిటికీ అరబ్బీ ధాతువులను ఆశ్రయించనక్కరలేదనీ, ఉర్దూకు సొంతమైన సమాసశక్తి వుందనీ వాదించిన వహీదుద్దీన్ సలీం 1921లో ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే గ్రంథమే రాశాడు. చివరకు వైద్యకళాశాలలో సైతం శరీరశాస్త్రం ఉర్దూలోనే చెప్పారు. ఉన్నత విజ్ఞానానికి ఇంగ్లీషు తప్ప గతిలేదన్న వాదానికి ఇంతకంటే గట్టి జవాబు మన దేశంలో తక్కువ.

అయితే ఇది నాణేనికి ఒక ముఖమే. సంస్థానంలో సుమారు సగంమంది మాట్లాడిన భాష తెలుగు. ఉర్దూ మాతృభాష అయినవారు పదింట ఒక వంతు. నల్లగొండ రైతుబిడ్డకు ‘నబాతియాత్’ అన్నా ‘బోటనీ’ అన్నా ఒకటే దూరం. తన పొలంలో రోజూ చూసే మొక్క పాఠంలోకి వచ్చేసరికి పరాయిదైపోయేది. మాతృభాషావాదంతో పుట్టిన విశ్వవిద్యాలయం అధికసంఖ్యాకుల మాతృభాషను బోధనకు పనికిరానిదిగానే చూసింది. దీన్ని మతం కంటితో చూసేవారున్నారు. నా దృష్టిలో ఇది పాలకవర్గం భాషకూ ప్రజల భాషకూ వున్న సంబంధం.

1948 తర్వాత జరిగింది మరీ విచిత్రం. ఉర్దూ పోయింది, ఆ స్థానంలోకి తెలుగు రాలేదు, ఇంగ్లీషు వచ్చింది! ఉర్దూ జీవశాస్త్రం అక్కడే ఆగిపోయింది. 1953లో వాట్సన్, క్రిక్‌లు డీఎన్ఏ నిర్మాణాన్ని వెల్లడించేనాటికి ఆ పుస్తకాలను తిరగరాయవలసిన శాఖకు పనే లేకుండా పోయింది. దీనికి భిన్నంగా మన కళాశాలల్లో తరతరాలు చదివిన పార్కర్, హాస్వెల్‌ల జంతుశాస్త్రాన్ని చూడండి. అది న్యూజిలాండ్‌లో ఒకరు, సిడ్నీలో ఒకరు పాఠాలు చెప్పుకుంటూ రాసిన గ్రంథం. వెలువడిన 1897లోనే పార్కర్ మరణించాడు. అయినా వేరేవారు సవరిస్తూ పోయారు. 1972లో దాని మొదటి సంపుటం ఏడవ కూర్పు వచ్చింది. పాఠ్యపుస్తకం బతికేది కూర్పుల్లో.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడిన తర్వాతనే తెలుగు విద్యార్థికి కళాశాల స్థాయిలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం తన లిపిలో దొరికాయి. పదకోశాలు వచ్చాయి. ‘జన్యువు’, ‘పత్రహరితం’ వంటి చక్కని మాటలు స్థిరపడ్డాయి. అక్కడా ఒక చిక్కు వుంది. ఉర్దూవారు ‘జియాయీ తాలీఫ్’ అంటే అరబ్బీ అని నవ్వుతాం. మన ‘కిరణజన్య సంయోగక్రియ’ ఏ పల్లెలో పుట్టింది? వహీదుద్దీన్ సలీం అరబ్బీ గురించి లేవదీసిన ప్రశ్నను సంస్కృతం గురించి మనమూ వేసుకోవలసింది. వేసుకున్నవారు కొద్దిమంది.

1998లో ఈ నగరంలోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు ఉర్దూలో శాస్త్రగ్రంథాల పని మళ్ళీ తలకెత్తుకోవలసి వచ్చింది. అర్ధశతాబ్దం ఖాళీ మిగిలింది. నా తరగతిలో ‘ఖలియా’ అన్న కుర్రవాడు పట్టభద్రుడయ్యేది ఇంగ్లీషులో. వాడి పుస్తకం అంచుల్లో మాత్రం ఉర్దూ మాటలు పెన్సిలుతో రాసి వుంటాయి, పక్కవాడి పుస్తకంలో తెలుగు మాటల్లాగే.