కింగ్ సాల్మన్ ఎక్కొచ్చే రోజుల్లో

ఇంకో రెండు కట్టెలు ఎగదొయ్యరా నాన్నా, పొగకి దోమలు దగ్గరికి రావు. రాత్రి పదైనా ఇంత వెలుతురేంటని అడిగావు కదమ్మలూ, వేసవిలో అలాస్కా అంటే ఇంతే. ఈ వెలుతురు చూసుకునే మా రోజుల్లో శుక్రవారం డ్యూటీ దిగి, యాంకరేజ్‌లో బండెక్కి, ఈ కీనై నది ఒడ్డుకొచ్చి పడేవాళ్లం.

మీ అమ్మమ్మా నేనూ ఇక్కడ కాపురం పెట్టింది 1985లో. ఆ ఏడాది మే నెలలోనే లెస్ ఆండర్సన్ అని, ఇదిగో ఈ సోల్డాట్నా ఊరాయనే, ఈ నదిలో 97 పౌండ్ల పైచిలుకు కింగ్ సాల్మన్ని గాలంతో పట్టాడు. మన లెక్కలో 44 కిలోలు! ప్రపంచ రికార్డు అది, ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. కొత్తగా వచ్చిన మాకు ఎక్కడ విన్నా ఆ చేప మాటే. తెల్లారేసరికి పడవలు నది పొడుగూతా బారులు తీరి ఉండేవి.

మాది గోదావరి ఒడ్డు కాబట్టి ఏరెక్కే చేప నాకు కొత్త కాదు. ఎర్రనీరు తగలగానే సముద్రంలోంచి పులస ఎదురీదుకుంటూ వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు మనవాళ్లు. సాల్మన్ కూడా అలాగే ఎదురెక్కుతుంది గానీ, దాని కథ విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఏరులో పుట్టి, సముద్రానికి పోయి, ఏళ్ల తరవాత ఆ పుట్టిన నీటి వాసన పట్టుకుని వెనక్కొస్తుంది. నదిలో అడుగుపెట్టాక ఇక మేత ముట్టదు. ఒంట్లో ఉన్న కొవ్వే కరిగించుకుంటూ ఎక్కి, గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం వదులుతుంది. రెడ్ సాల్మన్ సముద్రంలో వెండిలా మెరుస్తుందా, గుడ్లు పెట్టే వేళకి ఒళ్లంతా ఎర్రబడి తల ఆకుపచ్చగా మారిపోతుంది.

హాలిబట్ చేప సంగతి వేరు. దానికోసం హోమర్ వెళ్లాలి. సముద్రంలోకి ఏడు కిలోమీటర్లు చొచ్చుకుపోయిన సన్నటి ఇసుక తిన్నె, దాని మీద పడవల రేవు. 1964 భూకంపంలో ఆ తిన్నె ఆరడుగుల దాకా కుంగిందట. మా సరంగు ముసలాయన ఆ రోజు అక్కడే ఉన్నాడు. నాలుగు నిమిషాలకి పైగా నేల ఊగుతూనే ఉందని చెప్పేవాడు.

అక్కడ పోటుకీ పాటుకీ మధ్య నీరు ఇరవై అడుగులు కూడా లేచి పడుతుంది. ఆ ఉరవడిలో ఎర అడుగున నిలవదు. అందుకని పోటు నిలిచే కాస్త సేపటి కోసం కాచుకుని కూచోవాలి. కిలో బరువు సీసపు గుండు, ఓ హెర్రింగ్ చేప ఎర, మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం. గుండు అడుక్కి తగిలినట్టు చేతికి తెలుస్తుంది. కాసేపటికి కర్ర చివర టకటకమని ఆడుతుంది. మన చెయ్యి గుంజాలనే చూస్తుంది. సరంగు మాత్రం కర్ర మీద చెయ్యేసి, “ఆగు, దాన్ని తిననీ” అనేవాడు. గుంజితే ఆ గాలం నోట్లోంచి జారిపోతుంది. చేప మింగి పక్కకి తిరిగితే దానంతటదే మూతి మూలన దిగుతుంది. ఆ ఆగడం నేర్చుకోవడానికే నాకు చాలాకాలం పట్టింది.

పైకి లాగడం మాత్రం నూతిలోంచి తలుపుచెక్కని చేదినట్టే. చేతులు పడిపోతాయి. వెలుతురు కనబడేదాకా బుద్ధిగా వస్తుంది, పడవని చూడగానే ఒక్క ఊపున మళ్లీ అడుక్కి! మళ్లీ మొదట్నుంచీ చుట్టాలి. పైవైపు గోధుమరంగు మచ్చలు, కిందవైపు పాలలాంటి తెలుపు, రెండు కళ్లూ ఒకే పక్కన. పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే చెరో పక్కనా ఉంటాయి. పిల్లగా ఉన్నప్పుడే ఎడమకన్ను నెత్తి మీదుగా జరుగుతూ కుడిపక్కకి చేరి, చేప అడుగున పక్కవాటుగా పడుకుంటుంది.

ఒకసారి మనిషంత చేప పడింది. మావాళ్లంతా బల్లెం అందుకోమని కేకలు. సరంగు వంగి దాని మూతి దగ్గర గాలం తప్పించి వదిలేశాడు. “ఇంత పెద్దది ఆడదే అయ్యుంటుంది, లక్షల గుడ్లు పెడుతుంది, మనకి కూరకి చిన్నవి చాలవా?” అన్నాడు. ఆ పూట పడవలో ఎవరూ ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది. ఆ తరవాత మ్యూజియంలో ట్లింగిట్ ఆదివాసుల పాతకాలపు చెక్క గాలం చూశాను. రెండు చెక్కలు పంగలా కట్టి, ఎముక ముల్లు బిగించి, చిన్న పిల్లకీ మరీ పెద్దదానికీ నోటికి పట్టనట్టు కొలతపెట్టి చేసేవారట.

ఇంటికొచ్చాక మీ అమ్మమ్మ హాలిబట్‌ని వేపుడుకీ, రెడ్‌ని పులుసుకీ విడదీసేది. పులసకి వేసినట్టే బెండకాయలు వేసి, చింతపండు పులుసులో సన్నసెగన మరగనిచ్చి, మర్నాటిదాకా మూత తీయనిచ్చేది కాదు.

మన గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. మన గింజలన్నీ ఆ నీళ్ల పంటే, కాదనను. పులసకి మాత్రం దారి అక్కడితో సరి. ఈ కీనైకి అడ్డుకట్ట లేదు. పైగా నీళ్లలో సోనార్ పెట్టి, గుడ్లు పెట్టడానికి ఎన్ని ఎక్కాయో ప్రభుత్వం వాళ్లు రోజూ లెక్కేస్తారు. లెక్క తగ్గితే వేట ఆపేస్తారు. అంత చేసినా కింగులు తగ్గిపోయాయిరా. 2023లోనూ 2024లోనూ ఈ నదిలో కింగ్ వేటే మూసేశారు. ఆండర్సన్ చేప ఎక్కొచ్చిన నదే ఇది. ఆ మాట చెప్పాలంటే నాకు గొంతు పట్టేస్తుంది.

రేపు మనం వెళ్లేది రెడ్ కోసం. కింగ్ గానీ తగిలిందా, ఫోటోకని పైకెత్తకండి. నీళ్లలో ఉండగానే గాలం తప్పించి, తల ఎదురునీటి వైపు పట్టి, అది తోక ఆడించాక చెయ్యి వదలండి.