కుంఫిణీ నాణెములు: వాని దేశ నిర్ణయము

పురాతన నాణెములను ప్రోగుచేయువారు మొట్టమొదట వానిని దేశముల వరుసను విభజింతురు. స్వతంత్ర రాజ్యముల నాణెముల విషయమున నీ పని సులభము. నాణెముపై నెవ్వని పేరున్నదో యాతడేలిన దేశమే దాని దేశము. కాని సముద్రము దాటి వచ్చి, తొలుత అంగడి పెట్టి, పిమ్మట రాజ్యమేలిన వర్తక సంఘముల నాణెముల కడ నీ సూత్రము నిలువదు. ముద్రించిన యూరొకటి, ముద్రింపించినవారు మఱొకరు, నాణెముపైని పేరు వేఱొకరిది, దానినిచ్చి సంతలో ఉప్పు కొన్నవాడింకొకడు. వీరిలో నాణెమెవ్వరిది?

ఈ ప్రశ్నకు పట్టికలు వ్రాసినవారు సామాన్యముగా నొక్క సమాధానమునే యిచ్చియున్నారు. నాణెము ఏ దేశమున చెలామణి యగుటకై పుట్టినదో యా దేశము క్రిందనే దానిని చేర్చవలెను. ముద్రించిన చోటు రెండవ విషయము. ఒలందా తూర్పు ఇండియా సంఘమువారు 1726 మొదలు తమ గురుతుగల రాగి నాణెములను హాలండు, జీలండు మున్నగు స్వదేశపు టంకశాలలలో ముద్రింపించి యోడలపై జావాకు పంపిరి. పుట్టుక యైరోపాలోనైనను వాని స్థానము తూర్పు దీవుల పెట్టెలోనే. హిందూదేశమునకు సంబంధించినంతవరకు ఈ విభాగము మఱియొక మెట్టు దిగును. బుడతకీచుల ఇండియా, ఒలందావారి ఇండియా, డేనుల ఇండియా, పరాసుల ఇండియా, ఆంగ్లేయుల ఇండియా యని యైదు శాఖలేర్పడును. ఆంగ్లేయుల శాఖలో 1835 వఱకు వంగ, బొంబాయి, చెన్నపురి రాజధానులు వేఱువేఱుగా నిలుచును. ఆ సంవత్సరమున నాలుగవ విలియము రాజు ముఖముతో దేశమంతటికి నొక్క రూపాయి వచ్చినది.

నాణెముపైని పేరును మాత్రమే నమ్మినవాడు మోసపోవును. 1736 లో పరాసులు ఆర్కాటు నవాబు అనుమతి పొంది పుదుచ్చేరిలో రూపాయలు కొట్టసాగిరి. వానిపై నున్నది ఢిల్లీ పాదుషా పేరు. టంకశాల పేరు ఆర్కాటు. పరాసులని తెలుపునది చిన్న నెలవంక గురుతొక్కటే. చెన్నపట్టణమున ఆంగ్లేయులును కొలదికాలమునకే యట్టి రూపాయలనే కొట్టిరి. లిపియు, పాదుషాయు, ఊరును ఒక్కటియైనను ఒక గురుతు భేదమువలన నొకటి పరాసుల పెట్టెకును, రెండవది ఆంగ్లేయుల పెట్టెకును పోవును. జనులు పరిచయమైన ముద్రను మాత్రమే నమ్ముదురని వర్తకులెఱుగుదురు. కావుననే పరదేశీయులు స్వదేశీయ వేషముతో బజారున ప్రవేశించిరి.

మన బందరును జూడుడు. ఔరంగజేబు పాదుషా కాలమున నచట మొగలు టంకశాల యుండెను. 1750 నుండి 1759 వఱకు బందరు పరాసుల వశమందుండగా వారును పాదుషా పేరనే రూపాయలు కొట్టిరి. 1759 లో ఫోర్డు బందరుకోటను పట్టుకొన్న పిమ్మట ఆంగ్లేయుల వంతు వచ్చినది. ఒక్క యూరిపేరు మోసిన యీ నాణెములు నేటి సంగ్రహములలో మొగలులు, పరాసులు, ఆంగ్లేయులు అను మూడు పెట్టెలలో చెదరియున్నవి. ఊరు మాఱలేదు, ఏలికలు మాఱిరి. దేశవిభాగము ఏలికలనే లెక్కించును, ఊరిని లెక్కింపదు.

ఇంతకన్న చిత్రమైనది ఉత్తర సర్కారుల రాగి నాణెము. 1794, 1797 సంవత్సరములందు కుంఫిణీవారు బర్మింగుహాము చెంత సోహోలోని బౌల్టను యంత్రశాలలో దీనిని కొట్టించిరి. ఒకదానికి 48 యును, చిన్నదానికి 96 యును ఒక రూపాయికి సరియని ఆంగ్లాక్షరములతో చెక్కించిరి. తెలుగువారి చేతులలో మెలగవలసిన నాణెముపై తెలుగక్షరమొక్కటియు లేదు! తరువాత 1808 మొదలు చెన్నపురిలో వచ్చిన పావు వరహా వెండి నాణెముపై గోపురమును, దేవతామూర్తియు, అరవముతోపాటు తెనుగు లిపియు కనబడును. మఱి చెన్నపురికై 1808 లో కొట్టిన రాగి కాసులను మోసికొని బయలుదేరిన ‘అడ్మిరలు గార్డనరు’ అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరముననే గుడ్విను ఇసుకమేటలపై మునిగినది. ఆ కాసులు తరువాత పైకి తీయబడినవి. అవి మన దేశమును జూచినవి కావు. అయినను పట్టికలలో వానిస్థానము చెన్నపురి క్రిందనే. ఉద్దేశించిన చెలామణియే ప్రమాణమనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇది వేడుకకాండ్ర కాలక్షేపమని యెవ్వరైన ననవచ్చును. కాని నాణెములను వర్గీకరించుట మొదలిడినవారు సంగ్రహకులు కారు, సరాఫులు. ఏ టంకశాలది, ఏ యేటిది యని చూచి వారు వట్టము కట్టెడివారు. వంగదేశమున సిక్కా రూపాయి కొన్ని యేండ్లు గడచినంతనే వెండి తఱుగకున్నను వెల తఱిగెడిది. పంట అమ్మి యొక రకపు రూపాయి తెచ్చుకొన్న రైతు, శిస్తునకు మఱియొక రకము కావలసివచ్చి, నడుమ సరాఫునకు కొంత యర్పించుకొనుచుండెను. ఈ బాధను మాన్పుటకే కుంఫిణీవారు కలకత్తాలో కొట్టిన రూపాయిపై షాఆలము పాదుషా 19 వ యేటినే స్థిరముగా ముద్రించిరి. చెన్నపురి సీమలో వరహాకు 42 ఫణములు, ఫణమునకు 80 కాసులు. 1818 లో రూపాయి ప్రమాణమైనప్పుడు వరహాకు మూడున్నర రూపాయలు కట్టిరి. ఇన్ని లెక్కలలో చదువురాని వాడే నష్టపడెననుట స్పష్టము.

కావున దేశవిభాగము తప్పని నేననను. అది లేనిదే వెదకుట దుర్ఘటము. అది చాలదని మాత్రమే నా మనవి. ఎడ్గరు థర్‌స్టను 1890 లో చెన్నపురి వస్తుప్రదర్శనశాల నాణెముల పట్టికను ప్రకటించి మనకు దారి చూపెను. ఆ దారిలో మనము చేయవలసిన పని మిగిలియున్నది. పాత బోషాణములలో దొరకిన కాసులను తూకమునకు అమ్మివేయు నాచారము మానవలెను. ప్రతి నాణెము ప్రక్కను కొట్టించినవారు, కొట్టిన చోటు, చెలామణి యైన సీమ, దొరకిన గ్రామము అను నాలుగు విషయములు తెనుగున వ్రాసిపెట్టవలెను. మొదటి మూడును గ్రంథములలో దొరకవచ్చును, నాలుగవది దొరకదు. నాణెము కరగినను, చేతులు మాఱినను అది శాశ్వతముగా పోవును. ఏలికల చరిత్ర నాణెముపైననే యున్నది. దానిని కష్టించి సంపాదించినవాని చరిత్ర అది దొరకిన నేలయందున్నది.