చేతి బండికి మోటారు వచ్చిన కథ

మా పెదనాన్నకు పోలియో వల్ల చిన్నప్పుడే కాళ్లు పడిపోయాయి. గుడియాత్తంలో చేతితో తిప్పే మూడు చక్రాల బండిలోనే తిరుగుతారు. ఇది ఎప్పటి బండి అని నేను వెతికాను. 1655లోనే జర్మనీలో, నడవలేని స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు ఇలాంటిది తనకోసం తానే చేసుకున్నాడు. అప్పుడు అతనికి 22 ఏళ్లే!

మన వేలూరుకూ ఇలాంటి చరిత్ర ఉంది. 1954లో కారు ప్రమాదం జరిగి, సి.ఎం.సి. డాక్టర్ మేరీ వర్గీస్ గారికి నడుము కింది భాగం చచ్చుబడింది. అయినా చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది ఆమె వల్లే.

కానీ ఎక్కుడు వస్తే చేతులు నొప్పి పుడతాయి కదా? దానికి జవాబే మోటారు. మద్రాసు ఐఐటీలో పుట్టిన నియోబోల్ట్‌ను చక్రాల కుర్చీ ముందు తగిలిస్తే గంటకు 25 కిలోమీటర్ల దాకా పోవచ్చు.

పోయిన ఏడాది పెదనాన్న బండికి ముందు చక్రంలో మోటారు, సీటు కింద బ్యాటరీ పెట్టించాం. చేతి పిడి మాత్రం తీయనివ్వలేదు. "ఎక్కుడుకే మోటారు, మిగతాదానికి నా చెయ్యి చాలు" అన్నారు. ఇదివరకు ఏటి వంతెన మీదికి నేనే వెనకనుంచి తోసేవాణ్ణి. ఇప్పుడు ఆయనే ముందు పోయి, పైన నాకోసం ఆగుతున్నారు.