కొల్లేరు ఒకరోజు యాత్ర: గూడబాతులు, గుడి, మధ్యలో మనుషులు

కొల్లేరు యాత్ర అంటే చాలామందికి రెండే చోట్లు. ఆటపాకలో పక్షులు, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి. రెండూ ఏలూరు జిల్లా కైకలూరు మండలంలోవే. ఒక్కరోజులో చూసి రావచ్చు. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు కొల్లేటి మీదుగానే పోతుంది. తాడేపల్లిగూడెం నుంచైతే భీమవరం, ఆకివీడు మీదుగా రావాలి. పక్షులకు నవంబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం.

ఆటపాకలో పడవెక్కితే గూడబాతులు దగ్గరగా కనిపిస్తాయి. గూళ్లకు చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. పక్షులు వాటికే అలవాటుపడ్డాయి.

కొల్లేటికోట ఒకప్పుడు గజపతుల జలదుర్గమని చెబుతారు. కోటను పట్టడానికి నీరు తీసేయాలని శత్రువులు ఉప్పుటేరు తవ్వించారనీ, అందుకు ఒక సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడనీ కథ. గైడ్లు ఇష్టంగా చెప్పే కథ ఇది. మట్టి తవ్విన చేతులెవరివో అందులో లేదు.

ఈ రెండు చోట్ల మధ్య ఉన్నవి లంక గ్రామాలు. వడ్డి కులస్తుల వేట, దళితవాడల కూలి బతుకు ఈ నీటి చుట్టూనే అల్లుకున్నాయి. 1970ల్లో ప్రభుత్వం మత్స్యకారులకూ ఎస్సీలకూ సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చింది. పెట్టుబడి లేని సంఘాల చెరువులు చాలావరకు లీజుల పేరుతో, బేనామీగా బడా రైతుల చేతుల్లోకి పోయాయి. సభ్యులు తమ చెరువు గట్టు మీదే కూలీలయ్యారు.

1999లో ఐదో కాంటూరు వరకు, దాదాపు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు తెగ్గొట్టారు. బడా రైతుల చెరువులతోపాటు సంఘాలవీ పోయాయి. పట్టా ఉన్నవాడికి పరిహారం అడగడానికి ఒక కాగితముంది, చెరువు కూలికి అదీ లేదు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. ఆ కోరిక ఎవరి మేలు కోసమన్నది సంఘాల సభ్యుల్నే అడగాలి. కొల్లేరు నిలవాలన్న మాటతో మాకు పేచీ లేదు. గట్టు తెగినప్పుడు ఎవరి కూడు పోయిందన్న లెక్క కావాలంటున్నాం.

మేము విన్న యాత్ర వివరణల్లో ఇదేదీ లేదు. దక్షిణాఫ్రికాలోని రాబెన్ ద్వీపంలో పద్ధతి వేరు. కేప్‌టౌన్ నుంచి పడవలో వెళ్లినవాళ్లు జైలునూ పెంగ్విన్లనూ ఒకే పూటలో చూసి వస్తారు. కనుమరుగైన పెంగ్విన్లు 1983లో ఆ ద్వీపానికి తిరిగొచ్చాయి. మండేలా తన 27 ఏళ్ల ఖైదులో 18 ఏళ్లు అక్కడే గడిపారు. యునెస్కో దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది కూడా 1999లోనే. జైల్లో సందర్శకుల్ని తిప్పి చూపించేది అక్కడే శిక్ష అనుభవించిన మాజీ రాజకీయ ఖైదీలు. (రోజూ అదే గాయం చెప్పుకోవడం ఎంత బరువో!) కొల్లేరు జైలు కాదు, పోలిక అంతదూరం సాగదు. కానీ ఆ చోట బతికినవాళ్లే ఆ చోటు గురించి చెప్పడం, ఆ పనికి జీతం అందుకోవడం ఇక్కడా సాధ్యమే.

విద్యార్థి బృందాలు ఉదయం ఆటపాక చూసుకుని, మధ్యాహ్నం ఒక లంక గ్రామంలో గడిపేలా రోజును అమర్చుకోవాలి. పడవ నడిపేవాళ్లనూ, ముఖ్యంగా పేటలోని పెద్దవాళ్లనూ 2006కు ముందు సంఘం చెరువు ఎవరి చేతిలో ఉండేదో, తర్వాత ఎక్కడికి పనికి వెళ్లారో అడగండి. ఫొటో తీసేముందు అనుమతి తీసుకోండి. ఫాల్గుణంలో అమ్మవారి జాతర రోజుల్లో ఎవరికీ తీరిక ఉండదు. డిసెంబరు, జనవరి మేలు.